మొదటి తేలికపాటి ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్: హైదరాబాద్ గుట్టలకు ఏది తీసుకోవాలి?

గుట్టెక్కాలి (కొండాపూర్)

అందరికీ నమస్కారం. ఈ సైక్లింగ్ ఫోరమ్ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. వయసు 39, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 58 కిలోలు. నా దగ్గర మామూలు హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ సైకిల్) ఉంది. వారాంతాల్లో మా గ్రూపుతో ఖాజాగూడ గుట్టలు, గండిపేట వెనక మట్టి దారులు, అప్పుడప్పుడు అనంతగిరి వెళ్తుంటాను. దిగేటప్పుడు నేనే ముందుంటాను. ఎక్కేటప్పుడు మాత్రం అందరూ పైకి చేరి, నీళ్లు తాగి, ఫొటోలు దిగి, ఇంకా నా కోసం చూస్తూ కూర్చుంటారు. ఎవరూ ఒక్క మాట అనరు. అదే ఇంకా ఇబ్బంది.

మోటారే లాక్కెళ్లే బండి నాకు వద్దు. నేను తొక్కుతుంటే కాస్త తోడొస్తే చాలు. ఆరో అంతస్తులో ఉంటాం, లిఫ్ట్ చిన్నది. బడ్జెట్ నాలుగున్నర లక్షలు, ఇంట్లో చెప్పింది మూడున్నర. డాలస్‌లో ఉన్న మా మరిది డిసెంబర్‌లో వస్తున్నాడు. "వదినా, ఇక్కడే కొని పట్టుకొచ్చేస్తా" అంటున్నాడు.

50 న్యూటన్ మీటర్లు, 60, 85, ఆపైన వాట్లు, వాట్ అవర్లు... చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఏ అంకె చూడాలి, ఏది వదిలేయాలి?

నల్లగండ్ల భయ్యా

అక్కా, ముందు ఇంట్లో చెప్పిన అంకె సరిచేయండి. బండి తర్వాత టైర్లు, మంచి హెల్మెట్, కారు క్యారియర్ అన్నీ వరసగా వస్తాయి.

మరిది గారి ప్లాన్ కుదరదు. 160 వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కనివ్వరు. చెక్-ఇన్ సామానులోనూ కుదరదు, చేతి సంచీలోనూ కుదరదు. మీరు చూస్తున్న బండ్లలో అన్నిటికన్నా చిన్న బ్యాటరీయే 300 దాటుతుంది. బ్యాటరీ వదిలేసి బండి ఒక్కటే తెస్తానంటే తెచ్చుకోవచ్చు, 18 కిలోల మామూలు సైకిల్ తొక్కాలని ముచ్చటగా ఉంటే.

మొరంబాట (మణికొండ)

మరిది విషయంలో ఇంకొకటి. అమెరికాలో అమ్మే క్లాస్ 1 (తొక్కితేనే మోటార్ సాయం వచ్చే రకం) బండ్లకు మోటార్ సాయం గంటకు 20 మైళ్ల దాకా ఉంటుంది, అంటే 32 కిలోమీటర్లు. మన నిబంధన 25 దగ్గరే ఆగమంటుంది. పైగా వారంటీ కొన్న దేశంలోనే అడగమంటారు. కాబట్టి ఆయన్ని చాక్లెట్లు తెమ్మనండి.

ఇక అసలు సంగతి. ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ అన్న పేరుతో మూడు వేరు వేరు జాతుల బండ్లు అమ్ముతున్నారు. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి వెనక చక్రంలో హబ్ మోటార్ ఉన్నవి. ఈమోటొరాడ్, హీరో లెక్ట్రో లాంటి కంపెనీలవి, 30 వేల చుట్టుపక్కల మొదలవుతాయి. ఆఫీసుకు, ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ ట్రాక్‌కు అవి హాయిగా సరిపోతాయి. గుట్ట దగ్గరే వాటి కష్టం తెలుస్తుంది. హబ్ మోటార్‌కు సైకిల్ గేర్ల సాయం అందదు. నిటారు ఎక్కుడులో చక్రం నెమ్మదిస్తే మోటారూ నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది. పైగా చాలా వాటిలో పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్ ఉంటుంది. మీరు ఎంత బలంగా తొక్కుతున్నారో దానికి తెలియదు. రాయి మీద పాదం సర్దుకుంటూ పావు పెడల్ తిప్పగానే అది ఎగదోస్తుంది.

రెండో జాతి ఫుల్ పవర్ బండ్లు. వీటిలో మోటార్ పెడళ్ల దగ్గరే ఉంటుంది. బాష్ సీఎక్స్, షిమానో ఈపీ8 లాంటి మోటార్లు 85 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత), ఆపైన ఇస్తాయి, బ్యాటరీ 600 వాట్ అవర్లు ఆపైన. బండి మొత్తం 22 నుంచి 25 కిలోలు తూగుతుంది.

మీరు అడుగుతున్నది మూడోది. స్పెషలైజ్డ్ కంపెనీ వాళ్లు 2020లో లెవో ఎస్ఎల్ తెచ్చాక ఈ వరస ఊపందుకుంది. 2022లో టీక్యూ మోటార్‌తో ట్రెక్ ఫ్యూయల్ ఈఎక్స్ఈ, స్కాట్ లూమెన్ వచ్చాయి. టీక్యూ హెచ్‌పీఆర్50 మోటార్ బరువు రెండు కిలోల లోపే. 50 న్యూటన్ మీటర్లు, గరిష్ఠంగా 300 వాట్లు, బ్యాటరీ 360 వాట్ అవర్లు. ఫజువా రైడ్ 60 అయితే 60 న్యూటన్ మీటర్లు, 430 వాట్ అవర్లు. బాష్ ఎస్ఎక్స్ మొదట వచ్చినప్పుడు 55 న్యూటన్ మీటర్లు, 400 వాట్ అవర్లు. లెవో ఎస్ఎల్ రెండో తరం 50 న్యూటన్ మీటర్లు, 320 వాట్ అవర్లు. బండి బరువు ఫ్రేమ్‌ను బట్టి 16 నుంచి 20 కిలోలు. మీ బడ్జెట్‌లో కార్బన్ ఫ్రేమ్ మీద ఆశ పెట్టుకోకండి. అల్యూమినియం ఫ్రేమ్‌తో, ఒక ఏడాది వెనక మోడల్ డిస్కౌంట్‌లో దొరికితే అదృష్టమే.

ఇప్పుడు మన నేల. ఖాజాగూడ వెనకవైపు ఎక్కుడు మీరు చూసే ఉంటారు. నున్నటి నల్లరాతి పలక, దాని మీద మినపగుండ్లంత మొరం పరుచుకుని ఉంటుంది. అక్కడ బలం ఎక్కువైతే నష్టమే. సీటు ముందు అంచుకు జరిగి, మోచేతులు దించి, పెడల్ ఒకే తీరున తిప్పుతుంటే వెనక టైర్ పట్టు దొరుకుతుంది. మోటార్ ఒక్కసారి గట్టిగా తోసిందా, టైర్ గిర్రున తిరిగి పాదం కింద పెట్టాల్సిందే. అది దాటాక రెండు బండల మధ్య సందు వస్తుంది. అక్కడ తొక్కేదేం లేదు, హ్యాండిల్ ఒక చేత్తో, ఫ్రేమ్ ఒక చేత్తో పట్టి బండిని ఛాతీ ఎత్తుకు లేపి అవతల పెట్టాలి. 58 కిలోల మనిషికి 18 కిలోల బండికీ 24 కిలోల బండికీ తేడా ఏమిటో ఆ సందులో తెలుస్తుంది.

వికారాబాద్ బండి

మొరంబాట గారితో సగం ఒప్పుకుంటాను. నాది ఫుల్ పవర్ బండి, 23 కిలోలు. దిగేటప్పుడు ఆ బరువే నేలకు అతుక్కుని ఉంటుంది, చేతులకు ఎంత నిశ్చింతో చెప్పలేను. అనంతగిరిలో పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా బ్యాటరీ గురించి ఆలోచించను. తేలిక బండి వాళ్లు స్క్రీన్ చూసుకుంటూ "ఇంకా 30 శాతం ఉంది" అని లెక్కలేసుకుంటుంటే నాకు నవ్వొస్తుంది.

ఇంకో మాట. 2024లో వచ్చిన డీజేఐ అవినాక్స్ మోటార్ రెండున్నర కిలోలే, 105 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. దానితో వచ్చిన ఆమ్‌ఫ్లో బండి 19 కిలోల చిల్లరే. తేలిక అంటే తక్కువ బలం అన్న లెక్కకు కాలం చెల్లింది.

స్పోక్‌రెంచ్ (సికింద్రాబాద్, సర్వీస్ పని)

అవినాక్స్ గురించి నాదొకటే ప్రశ్న. రేపు మోటార్ ఎర్రర్ చూపిస్తే హైదరాబాద్‌లో ఎవరు విప్పుతారు? ఏ మోటారైనా సరే, కొనే ముందు షాపులో ఇది అడగండి: ఎర్రర్ చదివే సాఫ్ట్‌వేర్ మీ దగ్గర ఉందా, లేక బండిని బెంగళూరో ముంబయో పంపుతారా? పంపితే ఎన్ని వారాలు? జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే బయటికి నడవండి. మోటార్‌ను విప్పి బాగుచేయడం అరుదు, మొత్తం మార్చేస్తారు. అంటే మీకు కావలసింది మెకానిక్ ఒక్కడే కాదు, స్టాక్ ఉన్న డీలర్.

మా దగ్గరికి ఒక బండి వచ్చింది. బయట నుంచి తెప్పించుకున్నది. చార్జింగ్ పోర్ట్ మూత పోయి, వర్షంలో నీళ్లు చేరి, కనెక్టర్ పచ్చబడిపోయింది. ఆ చిన్న భాగం కోసం ఆయన వానాకాలమంతా పాత సైకిల్ తొక్కాడు.

పాతగేరు (సైనిక్‌పురి)

అమ్మాయ్, పెద్దవాణ్ని, చాదస్తం అనుకోకు. 39 ఏళ్లకే మోటార్ ఎందుకు? ముందు నీ హార్డ్‌టెయిల్ వెనక క్యాసెట్ (పళ్లచక్రాల గుత్తి) చూడు. పెద్ద పళ్లచక్రం 42 పళ్లదైతే 51ది వేయించు, ముందు పెడళ్ల దగ్గరి పళ్లచక్రం, అదే చైన్‌రింగ్, 32 ఉంటే 28 చేయించు. దానికి డెరైలర్ (గేర్లు మార్చే భాగం) కూడా మార్చాల్సి రావచ్చు, అయినా లక్షల్లో ఐదో వంతు కూడా కాదు. ఆ తేడాతోనే సగం గుట్టలు ఎక్కేస్తావు.

గుట్టెక్కాలి

చాదస్తం ఏముంది బాబాయ్ గారూ, మంచి మాటే. ముందు చైన్‌రింగ్ ఇప్పటికే 28, వెనక 51 ఉంది. ఆ గేర్‌లో నేను ఎక్కగలను. కానీ నడిచేవాళ్లు నన్ను దాటిపోతున్నారు! పైగా పైకి చేరేసరికి కాళ్లు వణుకుతుంటే దిగుడు భయంగా ఉంటుంది. అలసిన కాళ్లతో రాళ్ల మీద దిగడం నాకు ఇష్టం లేదు, నా అసలు సరదా దిగుడే కదా.

పాతగేరు

ఆ మాట ముందే చెప్పాల్సింది. సరే, కొనుక్కో.

వాట్‌అవర్ (ఈసీఐఎల్)

బ్యాటరీ భయం గురించి ఒక చిన్న లెక్క. మనిషి 58, బండి 18, నీళ్లు, హెల్మెట్, పనిముట్లు 4 అనుకుందాం. మొత్తం 80 కిలోలు. 100 మీటర్లు నిలువుగా పైకి ఎక్కించడానికి పట్టే శక్తి దాదాపు 22 వాట్ అవర్లు. అందులో సగం మీ కాళ్లవి, సగం మోటార్‌వి. మోటార్‌లో వేడిగా పోయేది కూడా కలిపితే బ్యాటరీ నుంచి 14 పోతాయి. 360 వాట్ అవర్ల బ్యాటరీకి కాగితం మీద 2,500 మీటర్ల ఎక్కుడు. ఇసుక, మొరం, టైర్ రాపిడి, మధ్యలో ఉత్సాహం ఆగక టర్బో (మోటార్ గరిష్ఠ సాయం) నొక్కడం, వీటన్నిటికీ సగం కోసేద్దాం. అయినా 1,200 మీటర్లు మిగిలాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల ఒక్క ఉదయంలో 1,200 మీటర్లు ఎక్కాలంటే ఒకే గుట్టను విసుగొచ్చేదాకా ఎక్కి దిగాలి. వికారాబాద్ బండి గారూ, మీ 700 చిల్లర వాట్ అవర్లలో సగం ఎప్పుడూ షికారుకే వస్తున్నాయి.

అయితే ఈ లెక్క 58 కిలోలకు. 95 కిలోలున్న మనిషి టర్బోలోనే తొక్కుతానంటే చిన్న బ్యాటరీ ఇట్టే కరిగిపోతుంది. ఆయనకు నేనూ ఫుల్ పవరే చెబుతాను.

వికారాబాద్ బండి

నా బరువు మీకెవరు చెప్పారు?

నల్లగండ్ల భయ్యా

😂

లైసెన్స్, రిజిస్ట్రేషన్ ఏమైనా కావాలా అని మా ఆఫీసులో అడుగుతున్నారు. పోలీసులు ఆపితే ఏం చెప్పాలి?

వాట్‌అవర్

అక్కర్లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. పెడల్ అసిస్ట్ సైకిల్ మోటార్ 30 నిమిషాల పవర్ 0.25 కిలోవాట్ లోపు ఉండి, వేగం పెరిగేకొద్దీ సాయం తగ్గుతూ 25 కిలోమీటర్ల దగ్గర పూర్తిగా ఆగిపోతే అది మోటారు వాహనం కిందికి రాదు. పెడల్ ఆపితే మోటారూ ఆగాలి. బ్యాటరీ కాకుండా బండి 60 కిలోలు దాటకూడదు, సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి. మౌంటెన్ బైక్ వాళ్లు స్టైల్ కోసం మొదట పీకి పారేసేది ఆ రిఫ్లెక్టర్లనే. కంపెనీ చెప్పే 300, 450, 600 వాట్లు కాసేపటి గరిష్ఠం, నిబంధన చూసేది నిలకడగా ఇచ్చే పవర్.

జీఎస్టీ కూడా ఎలక్ట్రిక్ వాహనాల 5 శాతమే, ఈ-సైకిళ్లు ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. కాబట్టి బిల్లు మీద అంతకన్నా ఎక్కువ వేస్తే ఎందుకని అడగండి.

బ్లాక్ బి సెక్రటరీ

అందరూ న్యూటన్ మీటర్లు మాట్లాడుతున్నారు, చార్జింగ్ ఎక్కడ పెడతారో ఎవరూ అడగరేం? మా అపార్ట్‌మెంట్‌లో రోజూ ఇదే పంచాయితీ. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉన్న భవనంలో మంటలు లేచి పైన లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. అప్పటి నుంచి మా కమిటీలో పెద్దవాళ్లు బ్యాటరీ అంటేనే ఉలిక్కిపడుతున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. మెట్ల దగ్గర, కారిడార్‌లో చార్జింగ్ పెడితే మాత్రం నేనే ప్లగ్ పీకేస్తా.

స్పోక్‌రెంచ్

సెక్రటరీ గారు కరెక్ట్ పాయింట్ పట్టారు. తేలిక బండ్లలో చాలా వాటికి బ్యాటరీ ఫ్రేమ్ లోపలే ఉంటుంది. కొన్నిటికి బోల్టులు విప్పితే బయటికి వస్తుంది, లెవో ఎస్ఎల్ లాంటి వాటిలో మోటార్ దించాకే వస్తుంది. అంటే కింద పార్కింగ్‌లో ప్లగ్ లేకపోతే బండి మొత్తం ఆరో అంతస్తుకు రావాల్సిందే. కొనే ముందు టేపుతో లిఫ్ట్ కొలవండి. 29 అంగుళాల చక్రాల బండి చిన్న లిఫ్ట్‌లో అడ్డంగా పట్టదు. వెనక చక్రం మీద నిలబెట్టి, ముందు చక్రం పైకి లేపి, బ్రేక్ పట్టుకుని లోపలికి జారాలి. పక్కింటి ఆంటీ కూరగాయల సంచీతో ఎక్కితే ఇక చోటుండదు.

కంపెనీ ఇచ్చిన చార్జరే వాడండి. పెట్టేసి నిద్రపోవద్దు. గట్టి నేల మీద, పరదాలకు, సోఫాకు దూరంగా పెట్టండి. మన మే నెల ఎండలో గుట్ట నుంచి రాగానే ప్లగ్ పెట్టొద్దు. బాష్ వాళ్లు చార్జింగ్‌కు చెప్పే పరిమితి 0 నుంచి 40 డిగ్రీలు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఉన్న బండి ఆ హద్దు ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఇంట్లో నీడలో పెట్టి, మీరు స్నానం, టిఫిన్ ముగించాక పెట్టండి. నెల రోజులు వాడకపోతే ఫుల్ చార్జ్‌లో వదలకుండా సగంలో ఉంచండి.

క్యారియర్ సంగతి కూడా చూసుకోండి. కారు వెనక తగిలించే చవక క్యారియర్లు చాలావరకు ఒక్కో సైకిల్‌కు 15 కిలోలే మోస్తాయి. దాని మీద 19 కిలోల బండి ఎక్కించి వికారాబాద్ రోడ్డు మీద 80లో పోతే వెనకొచ్చేవాడికి ప్రమాదం.

గుట్టెక్కాలి

లిఫ్ట్ కొలిచాను. నిలబెడితే పడుతుంది, నేనూ పడతాను, ఊపిరి బిగబట్టి. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు చార్జింగ్ బాల్కనీలో అయితే సరే అన్నారు, ఇంట్లో మనిషి మెలకువగా ఉండాలని షరతు పెట్టారు.

శనివారం రెండు బండ్లు తొక్కే అవకాశం వచ్చింది. ఒకటి షాపు డెమో, బాష్ ఎస్ఎక్స్. ఇంకోటి గ్రూపులో తెలిసినవాళ్ల టీక్యూ బండి. ఏం చూడాలి?

మొరంబాట

షాపు ముందు రోడ్డు మీద గుండ్రంగా తిరిగి వచ్చేయకండి, దానివల్ల ఏమీ తెలియదు. ఒప్పుకుంటే మట్టి వాలు ఉన్న చోటికి తీసుకెళ్లండి. నిటారు వాలు మధ్యలో ఆగి, మళ్లీ కదిలించి చూడండి. మోటార్ ఎంత మెత్తగా అందుకుంటుందో అక్కడ బయటపడుతుంది. తర్వాత మోటార్ పూర్తిగా ఆపి కాసేపు తొక్కండి. బ్యాటరీ అయిపోయిన రోజున ఇంటికి రావాల్సింది అలా తొక్కుకుంటూనే. ఎస్ఎక్స్ గరిష్ఠ పవర్ రావాలంటే పెడళ్లు చురుగ్గా తిప్పాలి, నెమ్మదిగా బరువు గేర్‌లో తొక్కే అలవాటుంటే అది నిరుత్సాహపరుస్తుంది. టీక్యూ శబ్దం దాదాపు వినిపించదు, బలం తక్కువ.

సైజు విషయంలో మొహమాటం వద్దు. మీ ఎత్తుకు ఎస్ సైజే చూడండి. "స్టాక్‌లో ఎం ఉంది మేడమ్, స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క) మార్చి ఇస్తాం" అంటారు. ఫ్రేమ్ పొడవు స్టెమ్‌తో తగ్గదు. బ్రేకులు నాలుగు పిస్టన్లవి, ముందు డిస్క్ 200 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. సస్పెన్షన్ కదలిక 130 నుంచి 150 మిల్లీమీటర్ల దాకా ఉంటే మన గుట్టలకు చాలు, 160 కోసం బరువు పెంచుకోవద్దు.

గుట్టెక్కాలి

తొక్కి వచ్చాను. ఎస్ఎక్స్ బాగా తోస్తుంది, పెడల్ వేగంగా తిప్పితే గుట్ట ఉన్నట్టే అనిపించలేదు. కానీ ఎక్కేటప్పుడు ఒక సన్నటి గుయ్ మనే శబ్దం, పైగా అది ఎం సైజు, మలుపుల్లో చేతులు చాచాల్సి వచ్చింది. టీక్యూ బండి మీద మొదట "మోటార్ ఆన్ అయిందా?" అని అడిగాను. అయింది. మీరు చెప్పిన ఆ మొరం పలక మీద మధ్య మోడ్‌లో పెట్టి, నా మామూలు పద్ధతిలోనే తొక్కాను. వెనక చక్రం ఒక్కసారి జారింది, మళ్లీ పట్టుకుంది. పాదం కింద పెట్టలేదు. పైకి వెళ్లేసరికి గ్రూపులో ఇద్దరు ఇంకా కిందే ఉన్నారు!

బండల సందులో ఎత్తడం మాత్రం తేలికేం కాదు. 18 కిలోలు 18 కిలోలే. కానీ ఎవర్నీ పిలవకుండా అవతల పెట్టగలిగాను.

టీక్యూ ఉన్న అల్యూమినియం బండి, ఎస్ సైజు, ఏడాది వెనక మోడల్ కోసం షాపులో చెప్పి పెట్టాను. బడ్జెట్ కొంచెం దాటుతోంది. ఎర్రర్ చదివే ల్యాప్‌టాప్ చూపించమని అడిగితే నిజంగానే తీసి చూపించారు.

వికారాబాద్ బండి

శుభం. అనంతగిరి వచ్చినప్పుడు చెప్పండి, దారి చూపిస్తాను. అది అటవీ శాఖ భూమి, ఎక్కడ పడితే అక్కడ దూరితే మనందరికీ తలుపులు మూసేస్తారు. మీ బ్యాటరీ అయిపోతే నా బండితో లాగుతా.

వాట్‌అవర్

అవ్వదు.

గుట్టెక్కాలి

ఒక్క చివరి ప్రశ్న. బండితో ట్యూబ్ టైర్లు వస్తాయట, ట్యూబ్‌లెస్‌కు మార్చడానికి వేరే డబ్బులు అడుగుతున్నారు. ఇప్పుడే చేయించాలా, తర్వాత చూసుకోవచ్చా?

స్పోక్‌రెంచ్

ఇప్పుడే. గండిపేట వెనక సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు మీకు తెలియనివి కావు. ట్యూబ్‌తో వెళ్తే ఏదో ఒక ఉదయం పంక్చర్లు వేసుకుంటూ గడిచిపోతుంది. బరువైన బండి కాబట్టి వెనక గట్టి పక్కగోడ ఉన్న టైర్ వేయించండి, అక్కడ 200 గ్రాములు మిగుల్చుకోవాలని చూడొద్దు. మీ బరువుకు గాలి ముందు 20, వెనక 23 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. మన ఎండలకు లోపల సీలెంట్ (పంక్చర్లను పూడ్చే ద్రవం) త్వరగా ఎండిపోతుంది, వేసవిలో రెండు నెలలకోసారి వాల్వ్ విప్పి పుల్ల పెట్టి చూడండి. తడి లేకపోతే ఒక్కో చక్రానికి 60 మిల్లీలీటర్లు పోసేయండి.